ఆదివారం డ్యూటీ

ఒక ఆదివారం సాయంత్రం కౌకూర్‌లో ప్లాటు చూడడానికి వచ్చిన జంగారెడ్డికి టైల్స్ షోరూం ముందు అల్లుడి స్కూటర్ కనిపించింది. మొదట అలాంటిదే ఇంకోటి అనుకున్నాడు. దగ్గరికి వెళ్లి నంబరు చూశాడు. అద్దానికి కూతురు భవిత కట్టిన ఎర్రదారం కూడా ఉంది. అన్వేష్ స్కూటరే.

కానీ అన్వేష్ ఇక్కడ ఉండే పని లేదు. అతను తుర్కపల్లిలో ఒక మందుల ల్యాబులో పనిచేస్తాడు. నాలుగు నెలలుగా ఆదివారాలు కూడా డ్యూటీ పడుతోందని, అందుకే మేడ్చల్‌లో పుట్టింటికి భోజనానికి రాలేకపోతున్నామని భవిత చెబుతూ వస్తోంది. డ్యూటీకి కంపెనీ క్యాబ్‌లో పోతాడు. స్కూటర్ దుండిగల్‌లో వాళ్ల ఇంటి ముందు ఉండాలి.

జంగారెడ్డి కూతురికి ఫోన్ చేశాడు.

“ఏం జేస్తున్నవ్ బిడ్డా?”

“పండుకున్న నాయినా. ఏంది?”

“ఊకెనే. అల్లుడేడి?”

“డ్యూటీకి పోయిండు. వచ్చేసరికి చీకటి పడ్తది.”

ఫోన్ జేబులో పెట్టుకుని తల పైకెత్తాడు. షోరూం మీద రెండో అంతస్తు కిటికీల నుంచి పాట వినిపిస్తోంది. పెళ్లి బ్యాండులో లాగే బూరలు, డ్రమ్ములు ఉన్నాయి కానీ ఇది ఊరేగింపు నడక కాదు, గంతులేసే నడక. మెట్లెక్కాడు. అద్దాల తలుపులోంచి చూస్తే లోపల పది జంటలు. మధ్యలో అన్వేష్. ఆకుపచ్చ కుర్తా వేసుకున్న ఒక అమ్మాయి చేయి పట్టుకుని, చేయి సాగినంత దూరం వదిలి, మళ్లీ దగ్గరికి తెచ్చుకుంటున్నాడు. ఆ అమ్మాయి చుట్టూ తిరిగి వచ్చి ఏదో అంది. అన్వేష్ పగలబడి నవ్వాడు.

పెళ్లయిన మూడేళ్లలో అత్తగారింట్లో అల్లుడు అలా నవ్వడం జంగారెడ్డి ఎన్నడూ చూడలేదు.

“చేరడానికి వచ్చారా సార్?” వెనక నుంచి పొడుగాటి ఆడమనిషి ఒకామె అడిగింది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. తన పేరు తృప్తి అని, క్లాసు తనదేనని చెప్పింది. “దీన్ని స్వింగ్ అంటారు. వందేళ్ల కింద అమెరికాలో నల్లవాళ్లు మొదలుపెట్టిన జంట డాన్సు. వీళ్లు పాత బ్యాచ్. కొత్తవాళ్లకు ఆదివారం పొద్దున పదకొండింటికి. మీ పేరు?”

“రామయ్య,” అన్నాడు జంగారెడ్డి. ఎప్పుడో తమ పొలానికి నీళ్లు కట్టిన మనిషి పేరది. నోటికి అదే వచ్చింది.

ముప్పై ఏళ్లుగా భూముల పనిలో ఉన్నవాడు జంగారెడ్డి. అమ్మేవాడు పట్టా చేతిలో పెట్టినా నమ్మడు. పాత కాగితాలు తీయిస్తాడు, హద్దులు కొలిపిస్తాడు, పక్క చేనువాళ్లను వేరువేరుగా అడుగుతాడు. ముగ్గురూ ఒకే మాట చెబితే, కూడబలుక్కున్నారేమోనని నాలుగో మనిషిని అడుగుతాడు. ఆ గుణం వల్లే ఇంతవరకు మోసపోలేదని అతని నమ్మకం. ఇప్పుడూ అదే పద్ధతి అనుకున్నాడు. కూతురి కాపురం సంగతి. తొందరపడి నోరు జారితే అల్లుడు జాగ్రత్తపడతాడు. ముందు ఆ పిల్ల ఎవరో తెలియాలి. భార్య ఇందిరమ్మకు కూడా ఏమీ చెప్పలేదు.

పై ఆదివారం పొద్దున సైటుకు పోతున్నానని ఇంట్లో చెప్పి కౌకూర్ వెళ్లాడు.

కొత్త బ్యాచ్‌లో పద్నాలుగు మంది ఉన్నారు. తృప్తి అందరినీ వలయంగా నిలబెట్టింది. నడిపించేవాళ్లను లీడ్ అంటారని, ఆ సైగ అందుకుని కదిలేవాళ్లను ఫాలో అంటారని చెప్పింది. వెనక్కి ఒక అడుగు, ముందుకు ఒకటి, తర్వాత మూడు చిన్నడుగులు. రెండు నిమిషాలకొకసారి ఆమె చప్పట్లు కొట్టి “మారండి” అంటే ఫాలోలు పక్క మనిషి దగ్గరికి జరగాలి. పరాయి ఆడవాళ్లు, మగవాళ్లు ఇట్ల చేతులు మార్చుకుంటుంటే ఇంకా రుజువెందుకు అనుకున్నాడు జంగారెడ్డి. మొదట అతని ముందుకు వచ్చింది రిటైరైన మిలిటరీ ఆఫీసరు భార్య, అరవై దాటిన మనిషి. తర్వాత ఇంజనీరింగ్ చదివే పిల్ల. మూడోసారి చప్పట్లు కొట్టేసరికి ఆకుపచ్చ కుర్తా అమ్మాయే ఎదురుగా నిలబడింది. ఆవేళ పసుపుపచ్చది వేసుకుంది.

“నా పేరు అశ్రిత, అంకుల్. పొద్దున ఆడోళ్లు తక్కువైతరని మేడమ్‌కు సాయం వస్త.”

చేయి ఇచ్చింది. జంగారెడ్డి పట్టుకున్నాడు.

“జెర వదులుగ పట్టున్రి అంకుల్. దొంగను దొర్కవట్టినట్టు పట్టిన్రు.”

అతను ఉలిక్కిపడి వదిలేశాడు. ఆమె నవ్వి మళ్లీ చేయి అందించింది. “వేళ్లు ఇట్ల ఆనిస్తె సాలు. మీరు ఎటు పోవాలనుకుంటున్రో నాకు తెలుస్తది.”

ఆ మాటకు అతను తడబడ్డాడు. అడుగులు తప్పాడు. తేరుకుని, ఏమీ ఎరగనట్టు అడిగాడు.

“సాయంత్రం బ్యాచ్‌ల బాగ జేసేటోళ్లు ఉన్నరా అమ్మా?”

“ఉన్నరు. అన్వేష్ అని ఒగాయన మస్తు జేస్తడు.”

“పెండ్లి అయిందా ఆయనకు?”

“అయింది. ఆమె గూడ రెండు క్లాసులకు వచ్చిందంట. నచ్చక మానేసిందంట.”

అబద్ధం, అనుకున్నాడు జంగారెడ్డి. భవిత ఇలాంటి చోటికి వచ్చి ఉంటే తనకు తెలియకుండా ఉంటుందా? భార్య గురించి అన్వేష్ ఈ పిల్లకు కథ అల్లి చెప్పాడు. లేదా ఈ పిల్లే తనకు అల్లి చెబుతోంది. అయినా పరాయివాడి భార్య ఇష్టాయిష్టాలు ఈమెకెందుకు?

మర్నాడు బొల్లారంలో తెలిసిన ప్లాట్ల బ్రోకర్ సాయినాథ్‌ను పిలిచి, అశ్రిత ఎక్కడ ఉంటుందో, ఎలాంటి మనిషో కనుక్కోమన్నాడు. నాలుగు రోజుల్లో సాయినాథ్ కబురు తెచ్చాడు.

“గజ్వేల్ పిల్ల అన్నా. బొల్లారంల ఒక కంటి దవాఖానల సూపు పరీక్షలు జేస్తది. యాప్రాల్‌ల కామేశ్వరమ్మ అని ఒకామె ఇంట్ల, మీది గదిల కిరాయికి ఉంటది. ఒక్కతే. పొద్దుగూకేసరికి ఇంటికొస్తది. ఒకనాడు ఎవరో స్కూటర్ మీద దించిపోయిండంట.”

“ఏం స్కూటర్?”

“అది ఆమెకు యాదికి లేదంట.”

“ఇంటామెకు నువ్వేం జెప్పినవ్?”

“ఏం జెప్పలే. పెండ్లయినోనితోని తిరుగుతుందని మాట వచ్చింది, నిజమేనా అని అడిగిన. అంతే.”

జంగారెడ్డి తల ఊపాడు. అడిగిన తీరు అతనికి తప్పుగా తోచలేదు. స్కూటర్ అన్నమాట ఒక్కటే మనసులో నాటుకుపోయింది.

ఆదివారాలు గడిచాయి. ప్రతి వారం అతను అశ్రితను ఏదో ఒకటి అడుగుతూనే ఉన్నాడు. ఆమె చెప్పిన ప్రతిదీ మామూలుగానే ఉంది. అంత మామూలుగా ఉండడమే అతనికి నచ్చలేదు. ఇంకా రుజువు చాలదు, ఇంకో వారం చూద్దాం అనుకునేవాడు. ఈలోపు కాళ్లకు అడుగులు పట్టుబడ్డాయి. సైటు ఆఫీసులో ఎవరూ లేనప్పుడు తలుపు దగ్గరికి వేసి, వెనక్కి ఒకటి, ముందుకు ఒకటి, మూడు చిన్నడుగులు వేసుకునేవాడు. నాలుగో వారం మిలిటరీ ఆఫీసరు భార్య “ఈయనతో చేస్తే హాయిగా ఉంటుంది” అని తృప్తితో అంటుంటే విన్నాడు. ఆ పూట ఇంటికి వెళ్లేటప్పుడు అల్లుడి సంగతి కొంపల్లి దాటేదాకా గుర్తుకు రాలేదు. గుర్తొచ్చాక తన మీద తనకే కోపం వచ్చింది.

ఆరో ఆదివారం అశ్రిత ముఖం వాడిపోయి ఉంది. చేయి ఇచ్చింది కానీ అందులో ప్రాణం లేదు.

“పాణం బాలేదా అమ్మా?”

“అట్లేం లేదంకుల్.” రెండు అడుగులు వేసి ఆగింది. “మా ఇంటామె నెలాఖరుకు గది ఖాళీ జెయ్యమన్నది. ఎవరో వచ్చి నా గురించి అడిగిపోయిన్రంట. పెండ్లయినోనితోని తిరుగుతున్న అని. మూడేండ్ల నుంచి ఉంటున్న ఆడ. ఒక్క మాట నన్ను అడగలేదామె.”

జంగారెడ్డికి అడుగు పడలేదు. పక్క జంట వచ్చి తగిలింది.

“ఎవరో తెలిసిందా?”

“అన్వేష్ భార్య తరఫోళ్లు అయి ఉంటరని నా డౌటు. ఒకనాడు వాన పడితే ఆయన ఇంటి కాడ దించిండు. అదొక్కటే. ఆయనతోని డాన్స్ బంద్ పెట్టిన. ఇప్పుడు క్లాసుల ఎవరు నవ్వినా, ఈమేనా, ఈయనేనా అనిపిస్తాంది.”

తృప్తి చప్పట్లు కొట్టింది. అశ్రిత పక్కకు జరిగింది. జంగారెడ్డి ముందుకు ఇంకెవరో వచ్చారు. ఎవరో కూడా అతను చూడలేదు.

ఆ వారమంతా చెప్పేద్దామా అని ఆలోచించాడు. చెబితే తన పేరు చెప్పాలి. పేరు చెబితే అల్లుడి సంగతి బయటికి వస్తుంది. అప్పటికీ మనసులో ఒక మూల, ఈ పిల్ల నన్ను కనిపెట్టి కావాలనే ఇట్ల చెప్పిందేమో అనే అనుమానం ఉంది. అది తప్పని తెలిసినా పోలేదు.

నెలకొకసారి పాత బ్యాచ్, కొత్త బ్యాచ్ కలిసి డాన్స్ చేసే పూట ఒకటి ఉంటుంది. దాన్ని సోషల్ అంటారు. ఆ నెల శామీర్‌పేటలో చెరువు దాటాక ఒక రిసార్టు హాల్లో, ఆదివారం నాలుగింటికి పెట్టారు. పాఠం ఉండదు. నచ్చినవాళ్లను అడిగి ఒక్కో పాటకు చేస్తారు. కిందటి నెల అల్లుడు ఎదురుపడతాడని జంగారెడ్డి వెళ్లలేదు. ఈసారి అన్వేష్ రావడం లేదని తృప్తి చెప్పడంతో బయల్దేరాడు. అశ్రితను పక్కకు పిలిచి చెప్పేయాలని నిర్ణయించుకున్నాడు. దారి పొడవునా ఎలా మొదలుపెట్టాలో అనుకుంటూనే ఉన్నాడు.

హాల్లో ఫ్యాన్లు గిర్రున తిరుగుతున్నాయి. ముప్పై మంది దాకా ఉన్నారు. కారం బఠానీల పొట్లాలు, నిమ్మరసం గ్లాసులు ఒక బల్ల మీద పెట్టారు. అశ్రిత తనే వచ్చింది.

“ఒక్క పాట జేద్దామా అంకుల్? మీతోనైతే ఏం ఆలోచించే పని లేదు.”

కాదనలేకపోయాడు. పాట మొదలైంది. అతని కాళ్లు వాటంతటవే కదిలాయి. వేళ్లు ఆనించి పంపితే ఆమె వెళ్లింది, పిలిస్తే వచ్చింది. బూరల మోత పెరిగింది. ఎన్నో వారాలుగా రాని ఒక మలుపు ఆ పాటలో కుదిరింది. అశ్రిత నవ్వింది. జంగారెడ్డి కూడా నవ్వాడు. ఎదురుగా తలుపు దగ్గర భవిత నిలబడి ఉంది. పక్కన అన్వేష్.

“నాయినా?” అంది భవిత.

అశ్రిత ఆమెనూ, అతన్నీ మార్చి మార్చి చూసింది. “ఈయన రామయ్య అంకుల్ కద?”

“ఈయన మా నాయిన. జంగారెడ్డి. మేడ్చల్.” భవిత గొంతు తగ్గించింది. “నువ్వు అశ్రితవా? నీ కోసమే వచ్చినం. నీ ఇంటికాడ జరిగింది తృప్తి మేడమ్ చెప్పింది. ఆ మనిషిని నేను పంపలేదు. అది చెప్పి పోదామని వచ్చిన.”

అశ్రిత చేయి ఇంకా జంగారెడ్డి చేతిలోనే ఉంది. మెల్లగా వెనక్కి తీసుకుంది.

“మా ఇంటామె కాడికి ఆ మనిషిని పంపింది మీరేనా అంకుల్?”

“నేనే అమ్మా,” అన్నాడు.

ఆమె చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయింది. తృప్తి ఆమె వెనకాల పరుగెత్తింది.

రిసార్టు బయట కారు దగ్గర, ఏడు వారాలుగా క్లాసుకు వస్తున్నానని ఒప్పుకున్న తండ్రిని భవిత నిలదీసింది.

“ఆయన డాన్సుకు పోతడని నాకు మొదటిరోజే తెలుసు. నేను గూడ రెండు క్లాసులకు పోయిన. నాకు బోరైంది. ఆదివారం ఆయన పోతే ఆ రెండు గంటలు ఇల్లు నాదైతది, హాయిగ పండుకుంట.”

“మరి డ్యూటీ అని ఎందుకు జెప్పినవ్ బిడ్డా?”

“నీకు భయపడి. డాన్సంటే నువ్వు వంద అడుగుతవ్. ఎవరు నేర్పుతరు, ఎవరెవరొస్తరు, ఎవరి చెయ్యి ఎవరు పట్టుకుంటరు. ఆయన సిగరెట్ తాగుతడా లేదా అని పెండ్లికి ముందు పాన్ డబ్బాల అడిగించినవ్. అది ఆయనకు తెల్వదనుకున్నవా?”

అన్వేష్ తల పక్కకు తిప్పుకున్నాడు. అతనికి తెలుసని ఆ తిప్పుకోవడంతోనే తెలిసింది.

“నీ కాపురం కోసమే గదా,” అన్నాడు జంగారెడ్డి.

“ఒక్క క్లాసు చూస్తే తెలిసేది, ఏడు వారాలు ఎందుకు పోయినవ్ నాయినా?”

జవాబు తెలిసినా కూతురి ముందు చెప్పలేక కారు తలుపు తీశాడు.

మర్నాడు పొద్దున్నే యాప్రాల్ వెళ్లి కామేశ్వరమ్మ తలుపు తట్టాడు. సాయినాథ్‌ను పంపింది తనేనని, ఆ పిల్ల మీద వేసిన మాట అబద్ధమని, తన తప్పేనని నిలబడే చెప్పాడు. ఆమె అంతా విన్నది కానీ గడప దాటి లోపలికి రమ్మనలేదు.

“మొన్న మీ మనిషి వచ్చి అట్ల అన్నడు. ఇయ్యాల మీరొచ్చి ఇట్ల అంటున్రు. రెండు తీర్ల జెప్పేటోళ్లను నేనెట్ల నమ్మాలె? ఆ పిల్ల మంచిదే కావచ్చు. నాకెందుకు పరేషానీ.” తలుపు వేసుకుంది.

సాయినాథ్ వచ్చి అడిగినప్పుడు ఒక్క మాటకే నమ్మిన మనిషి ఈమె. జంగారెడ్డి గేటు మూసి కారు వైపు నడిచాడు. ఎన్ని భూముల మీద, ఎంతమంది మీద తను ఇలాంటి మాటలు అడిగించి వచ్చాడో లెక్క తెలియలేదు. ఆ తర్వాత వాళ్లకు ఏమైందో ఒక్కసారి కూడా తిరిగి వెళ్లి చూడలేదు.

బొల్లారంలో తనకు తెలిసిన ఖాళీ ఇల్లు ఉందని అశ్రితకు తృప్తితో కబురు పంపాడు. అక్కర్లేదని జవాబు వచ్చింది. నెలాఖరుకు ఆమె దవాఖానలో పనిచేసే ఇద్దరితో కలిసి వేరే చోటికి మారింది. ఎక్కడికని జంగారెడ్డి ఎవర్నీ అడగలేదు. అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది.

క్లాసుకు రావచ్చా అని తృప్తిని అడిగాడు. ఈసారి అసలు పేరుతో రాసుకోమన్నాడు. ఆమె ముఖం ముడుచుకుంది.

“నేను కాదు, అశ్రిత చెప్పాలి. ఆమె వద్దంటే వద్దు.”

రెండు వారాల తర్వాత మాట వచ్చింది. రావచ్చు. తనతో మాత్రం చేయకూడదు.

అప్పటి నుంచి ఆదివారం పొద్దున వలయంలో అశ్రిత వంతు వచ్చేసరికి ఆమె అతన్ని దాటి పక్క మనిషి దగ్గరికి వెళుతుంది. ఆ రెండు నిమిషాలు జంగారెడ్డి ఒక్కడే నిలబడి అడుగులు వేసుకుంటాడు. కొత్తవాళ్లు వింతగా చూస్తారు. ఎందుకని ఎవరైనా అడిగితే తృప్తి మాట మార్చేస్తుంది. అన్వేష్ తన బ్యాచ్‌కు తను వస్తున్నాడు. మామ ఎదురుపడితే తల ఊపుతాడు. మేడ్చల్‌కు భోజనానికి మాత్రం భవిత ఒక్కతే వస్తోంది.

ఇందిరమ్మకు ఇదంతా తెలియదు. “నువ్వే జెప్పుకో,” అని భవిత ఊరుకుంది. కానీ ప్రతి ఆదివారం పదింటికల్లా ఉతికిన చొక్కా తొడుక్కుని సైటుకు పోయే మనిషిని చూసి ఇందిరమ్మకు అనుమానం రాకుండా ఎలా ఉంటుంది? ఒక వారం చెప్పులేసుకుని కారులో ముందు సీట్లో వచ్చి కూర్చుంది.

“ఏడికి పోతున్నవో నేను గూడ వస్త.”

జంగారెడ్డి కాదనలేదు. హాల్లో గోడ వారగా కుర్చీ వేస్తే ఆమె గంటసేపు కదలకుండా కూర్చుని చూసింది. మొగుడు పరాయి ఆడవాళ్ల చేతులు పట్టుకున్నా ఏమీ అనలేదు. తిరిగి వచ్చేటప్పుడు కారు బొల్లారం దాటాక అడిగింది.

“గా పచ్చ దుపట్ట పిల్ల నిన్ను ఒక్కన్నే ఎందుకు ఇడిసిపెట్టింది?”

అతను మొత్తం చెప్పాడు. స్కూటర్ చూసిన రోజు నుంచి, సాయినాథ్, కామేశ్వరమ్మ, శామీర్‌పేట, ఏదీ దాచలేదు. ఏడు వారాలు ఎందుకు పోయాడో కూడా చెప్పాడు. డాన్సు చేస్తుంటే బాగుండేదని, ఆ సంగతి తనకే ఒప్పుకోలేక అల్లుడి మీద పెట్టుకున్నానని అన్నాడు. ఇందిరమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ విన్నది. మేడ్చల్ రైలు గేటు పడి ఉంది. కారు ఆగింది.

“ముప్పై ఒక్క ఏండ్లయింది మన పెండ్లయి,” అంది. “నా గురించి గూడ ఎన్నడన్న ఎవరినన్న అడిగించినవా?”

గూడ్సు బండి వస్తోంది. డబ్బాలు ఒకటి తర్వాత ఒకటి పోతున్నాయి. లేదని చెప్పడం తేలిక.

“ఒక్కసారి,” అన్నాడు.

ఇందిరమ్మ కిటికీ నుంచి చూపు తిప్పి అతన్ని చూసింది. గేటు లేచింది. వెనక బండివాళ్లు హారన్ కొట్టారు.